క్యాసెట్టు తిరగేసేలోగా

ఒక్క పాటనే పన్నెండుసార్లు వినే మనిషితో కాపురం చెయ్యటం ఎంత కష్టమో మా ఆవిడనడిగితే చెబుతుంది. అడక్కపోయినా చెబుతుంది. మొన్న ఆదివారంనాడు గోడమీదుగా పక్కింటావిడతో చెబుతూండగా నా చెవులారా విన్నాను.

"మా ఇంట్లో ఒకటే పాటండీ. నెల రోజులబట్టీ అదే. పోనీ మనకర్థమయ్యే పాటా అంటే అదీ కాదు. గిటార్లు!"

ఈ అభియోగంలో సగం నిజం, సగం అబద్ధం. పాట ఒకటే అన్నమాట నిజమే. కాని నేను వింటున్నది ఒకటి కాదు. అదే బృందంవారు అదే పాటను 1969లో ఒక రాత్రి వాయించినది ఒకటి, 1970లో వాయించినది ఒకటి, 1972లో ఆరుబయట ఎండలో వాయించినది ఇంకొకటి. దేని దారి దానిదే. ఈ సంగతి మా ఆవిడకు బోధపరుద్దామని, "నిన్నటి అట్టూ, ఇవాళ్టి అట్టూ ఒకటేనంటామా?" అన్నాను.

"అట్లు పోసేదాన్ని నేను. నాకు ఒకటే" అంది.

నేను కాలేజీలో తెలుగు చెబుతాను. నన్నయ, తిక్కన, ప్రబంధాలు, ఆపైన ఆధునిక కవిత్వం. ఇరవై యేళ్ళుగా ఇదే వృత్తి. కాపురం నారపల్లిలో. నాన్నగారి ధర్మమా అని కర్ణాటక సంగీతం కాస్త వినటం తెలుసు. పాడటం సుతరామూ రాదు. గిటారునైతే చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ఇటువంటివాణ్ణి తీసుకుపోయి అమెరికావాళ్ళ రాక్ కచేరీల పాలు చేసిన పుణ్యాత్ముడు మా కాలేజీలో బి.యస్సీ. చదివే కుర్రవాడొకడు. పేరెందుకు లెండి.

ఆ రోజు తరగతిలో అవధానం గురించి చెబుతున్నాను. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి, సభల్లో నిలబడి, అడిగినదానికల్లా అక్కడికక్కడే పద్యం చెప్పటం గురించి చెప్పి, మంచి ఊపులో వున్నాను. వెనకబెంచీలోంచి ఒక గొంతు లేచింది.

"సార్, గవన్నీ ఇంట్ల రాసుకొని వచ్చిండ్రేమో సార్. అక్కడికక్కడే చెప్పిండ్రని ఏం గ్యారంటీ?"

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వేశాను. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుక్కీ ఒక అక్షరం వద్దంటూ వుంటాడు కాబట్టి ముందే రాసుకురావటం కుదరదని చెప్పి, వాదంలో గెలిచాననిపించుకుని బయటపడ్డాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ పద్యాన్ని అచ్చులో చూస్తే నాలుగు పాదాలూ నిక్షేపంగా నిలబడి వుంటాయి. పృచ్ఛకుడు వద్దన్నప్పుడు అవధాని ఒక్క క్షణం ఆగాడే, ఆ ఆగటం ఏదీ? సభంతా ఊపిరి బిగబట్టిందే, అది ఏదీ? తిరుపతిశాస్త్రిగారు 1920లో పోయారు. వేంకటశాస్త్రిగారు 1950 దాకా వున్నారు. వారి పద్యాలు మిగిలాయి. ఆ క్షణాలు మాత్రం మిగల్లేదు.

మర్నాడు ఆ కుర్రవాడే స్టాఫురూము గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, నిన్న కోపమొచ్చిందా?"

"లేదోయ్. మంచి ప్రశ్నే అడిగావు."

"మీరు చెప్తుంటే నాకో బ్యాండు యాదికొచ్చింది సార్. వీళ్ళు గూడ అట్లనే. ఏ రాత్రి ఏం వాయిస్తరో వాళ్ళకే తెల్వది. వినుండ్రి" అని ఒక కాగితంమీద పేరు రాసిచ్చాడు. గ్రేట్‌ఫుల్ డెడ్! కృతజ్ఞత గల మృతులు అని అనువాదం చేసుకుని, ఇదేం పేరురా భగవంతుడా అనుకున్నాను.

మా నారపల్లినుంచి ఉప్పల్ దాకా బస్సు ప్రయాణం ఎలా వుంటుందో ఆ దారిన తిరిగేవారికి నేను చెప్పనక్కరలేదు. వరంగల్ రోడ్డుమీద పైవంతెన పని 2018లో మొదలయింది. తతిమ్మావాళ్ళు ఏమన్నా సరే, సంగీతం వినేవాడిగా ఆ పనికి నేను రుణపడి వున్నాను. ఒక తోడి ఆలాపన, కీర్తన, స్వరకల్పన, తని ఆవర్తనం అన్నీ పూర్తయి, ఉప్పల్ రింగురోడ్డు వచ్చేసరికి మంగళం పాడిన రోజులున్నాయి.

అటువంటి బస్సులో కూర్చుని ఆ కుర్రవాడు చెప్పిన రికార్డు పెట్టుకున్నాను. పాట పేరు "డార్క్ స్టార్". గిటారు ఒకటి నెమ్మదిగా నాలుగు మెట్లెక్కి రెండు దిగింది. మరొకటి ఆ ప్రక్కనే తచ్చాడింది. వీళ్ళింకా శ్రుతి చేసుకుంటున్నారు కాబోలని ఓపికపట్టాను. మేడిపల్లి దాటింది. ఇంకా శ్రుతి చేసుకుంటూనే వున్నారు. పీర్జాదిగూడ వచ్చేసరికి, ఒకవేళ ఇదే పాటేమోనని నాకు అనుమానం తగిలింది.

అనుమానం తగిలాక చెవి మారింది. మన విద్వాంసుడు ఆలాపన మొదలుపెట్టేటప్పుడు ఏం చేస్తాడు? రాగం గుమ్మంలో నిలబడి, లోపల ఎవరున్నారో చూసి, ఒక్కొక్క గదే దీపం పెట్టుకుంటూ పోతాడు. వీళ్ళు చేస్తున్నదీ అదే. తేడా అల్లా, మన కచేరీలో దీపం ఒకరి చేతిలో వుంటుంది; ఫిడేలాయన వెనకే నడుస్తాడు. ఇక్కడ అందరి చేతుల్లోనూ తలొక దీపం. అందరూ ఒక్కసారే చీకట్లో తిరుగుతున్నారు. ఒకరినొకరు ఢీకొంటున్నారు కూడా. కాని ఉన్నట్టుండి అందరూ ఒకే గదిలోకి వస్తారు చూడండి, అప్పుడు ఒళ్ళు ఝల్లుమంటుంది.

ఆ రికార్డులోనే మరి కాసేపటికి నడక మారింది. నా ప్రమేయం లేకుండా వేళ్ళు మోకాలిమీద లెక్కపెట్టటం మొదలుపెట్టాయి. ఎనిమిది కాదు. ఏడూ కాదు. మళ్ళీ పెట్టాను. పదకొండు! మన ముప్పైఅయిదు తాళాల్లో మిశ్రజాతి త్రిపుటకు సరిగ్గా పదకొండు అక్షరాలే: లఘువుకు ఏడు, రెండు ద్రుతాలకూ నాలుగు. పాట పేరు చూద్దును గదా, "ది ఎలెవెన్". పదకొండనే పేరు! ఆనందం పట్టలేక గట్టిగా తాళం వేస్తున్నాను. ప్రక్క సీటాయన చాలాసేపు నా వేళ్ళకేసి చూసి, "ఏం లెక్కలు సార్, చిట్టీ పాటనా?" అనడిగాడు.

"పాటే నండీ" అన్నాను.

ఆనాటినుంచి నేను చెడిపోయాను. ఆ బృందం గురించి దొరికిందల్లా చదివాను. 1965లో కాలిఫోర్నియాలో పుట్టింది. ముఖ్య గిటారిస్టు జెర్రీ గార్సియా 1995లో పోవటంతో ఆ పేరుతో కచేరీలు ఆగిపోయాయి. ఆ ముప్పయ్యేళ్ళలోనూ 2,300కు పైచిలుకు కచేరీలు చేశారట. గార్సియాకు కుడిచేతి మధ్యవేలు చిన్నప్పుడే గొడ్డలి దెబ్బకు చాలావరకు పోయింది. ఆ చేత్తోనే ఆయన తీగ మీటాడు. ఈ రాత్రి పాడిన వరస రేపు రాత్రి పాడరు. ఏ పాట తరవాత ఏది వస్తుందో, ఎంతసేపు వుంటుందో వేదికెక్కాకగాని తేలదు.

"డార్క్ స్టార్"నే తీసుకోండి. 1968లో దాన్ని చిన్న రికార్డుగా స్టూడియోలో చేసినప్పుడు నిండా మూడు నిమిషాలు లేదు. ఎవరూ పట్టించుకోలేదు. మర్నాటి సంవత్సరం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిల్మోర్ వెస్ట్ అనే హాల్లో కచేరీ చేస్తూండగా రికార్డు చేసి, "లైవ్ డెడ్" అనే పేరుతో వేశారు. అందులో అదే పాట ఇరవైమూడు నిమిషాలు. రికార్డుకు ఒక వైపంతా అదే.

ఈ అవస్థ మనవాళ్ళకు కొత్తది కాదు. గ్రామఫోను ప్లేటు రోజుల్లో ఒక్కొక్క వైపు మూడు, మహా అయితే నాలుగు నిమిషాలు. ద్వారం వేంకటస్వామినాయుడుగారంతటివారు కూడా ఆ మూడు నిమిషాల్లోనే ఫిడేలు ముగించుకుని లేవవలసి వచ్చింది. కల్యాణినో, తోడినో అంతసేపట్లో చెప్పటమంటే మహాభారతాన్ని కార్డుమీద రాయటమే. నాటకాల పద్యాలదీ ఇదే గతి. రంగస్థలంమీద కృష్ణుడు రాగం తీస్తే, జనం "వన్స్ మోర్" అంటే, ఎన్ని నిమిషాలు తీశాడో ఎవరు లెక్కపెట్టారు? ప్లేటుమీద పద్యం వుంది. "వన్స్ మోర్" లేదు. రెండోసారి ఆయన తీసిన రాగం మొదటిసారి తీసినదే కాదని ఆనాటి పెద్దలు చెబుతారు. ఆ రెండోది ఎక్కడికి పోయిందో ఎవరికి తెలుసు?

డెడ్ బృందం అభిమానులు ఈ రెండోదాన్ని పోనివ్వలేదు. మొదట్లో కోట్ల కింద మైకులు దాచుకుని రికార్డు చేసుకునేవారు. బృందంవారు పట్టుకుని వెళ్ళగొట్టక, పోనీలెమ్మన్నారు. 1984లో ఏకంగా హాల్లో వీళ్ళకోసం వేరే చోటే కేటాయించారు. షరతు ఒకటే: అమ్ముకోకూడదు. ఒకరికొకరు ఇచ్చుకోవాలి. నా దగ్గర డెట్రాయిట్ రాత్రి వుంది, నీ దగ్గర న్యూయార్కు రాత్రి వుందా అని ఉత్తరాలు రాసుకుని క్యాసెట్లు మార్చుకునేవారట. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన కచేరీ అలాగే చేతులు మారి మారి, చివరకు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగ్గ ధ్వనులని 2011 సంవత్సరానికి వేసిన జాబితాలోకి ఎక్కింది. దాన్ని రికార్డు చేసింది బృందంలో పనిచేసిన బెట్టీ కాంటర్ అనే ఆవిడ.

ఆ రాత్రి ఒక పాటలోంచి మరొక పాటలోకి వాళ్ళు ఆపకుండా వెళ్ళిన తీరు వినాలి. ఎక్కడ మారిందో వేలుపెట్టి చూపించలేం. బోడుప్పల్ ఎక్కడ అయిపోయి పీర్జాదిగూడ ఎక్కడ మొదలయిందో దుకాణాల బోర్డులు చదివితేనేగాని తెలియనట్టు, చాలా దూరం పోయాక "అరె, ఊరు మారిందే!" అనుకుంటాం. రాగమాలికలో రాగం మారే చోటుకోసం చెవులు రిక్కించి కూర్చునేవారికి ఈ సుఖం వేరే చెప్పాలా?

అన్ని రాత్రులూ ఇలాగే వుంటాయని కాదు. కొన్ని రాత్రులు పావుగంటసేపు తడుముకున్నా ఏమీ దొరకదు. గార్సియా పాట మధ్యలో మాటలు మరిచిపోవటం పరిపాటి. అభిమానులు ఆ టేపులను కూడా పారెయ్యలేదు. దొరకని రాత్రిని విన్నవాడికే దొరికిన రాత్రి విలువ తెలుస్తుంది. తప్పిపోవటానికి వీల్లేని చోట దారి దొరికిందన్న సంతోషమేముంది?

చదువుతూ పోగా పోగా నాకో చిత్రమైన చుట్టరికం బయటపడింది. ఈ బృందంలో మద్దెలలవంటివి వాయించే ఇద్దరిలో మికీ హార్ట్ అనే ఆయన మన తబలా ఉస్తాద్ అల్లారఖాగారి దగ్గర లయ విద్య తెలుసుకున్నవాడు. అల్లారఖాగారి అబ్బాయి జాకిర్ హుస్సేన్, ఈ హార్టూ కలిసి 1976లో ఒక రికార్డు చేశారు. ఆ జాకిర్ హుస్సేనే జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషు గిటారిస్టుతో కలిసి "శక్తి" బృందం పెట్టాడు. మెక్‌లాఫ్లిన్ అంతకుముందు చెవులు చిల్లులు పడేటంతటి రాక్ వాయించినవాడు. శక్తివారి తొలి రికార్డు కూడా 1975లో ఒక కాలేజీలో చేసిన కచేరీయే. తరవాత చాలా యేళ్ళకు ఆ బృందం మళ్ళీ చేరినప్పుడు, ఆ గిటారుకు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పినదెవరనుకున్నారు? మన పాలకొల్లు కుర్రవాడు, మాండలిన్ శ్రీనివాస్!

శ్రీనివాస్‌గారి సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పాలా? 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణగారి మాండలిన్ చిన్నప్పుడే చేతికి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడితే ఈయన వాయించి నేర్చుకున్నారు. మెట్లమీద టింగు టింగుమనే వాయిద్యంలో గమకం పలికించటానికి, జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకుని, దానికి విద్యుత్తు తగిలించారు. 1978లో తొమ్మిదో యేట గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేశారు. 1983లో పద్నాలుగో యేట బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయిస్తే పాశ్చాత్యులు లేవనివ్వలేదు. 2014 సెప్టెంబరు 19న నలభైఅయిదేళ్ళకే వెళ్ళిపోయారు. జాకిర్ హుస్సేన్‌గారు కూడా 2024 డిసెంబరులో పోయారు.

శక్తివారు 1999లో యూరపులో చేసిన కచేరీలను "ది బిలీవర్" అని, 2000లో బొంబాయిలో చేసినదాన్ని "సాటర్‌డే నైట్ ఇన్ బాంబే" అని విడుదల చేశారు. ఆ బొంబాయి క్యాసెట్టు నేను ఎమ్మే చదివే రోజుల్లో కొని నాన్నగారికి వినిపించాను. గిటారు ఒక మాట అడుగుతుంది. మాండలిన్ ఆ మాటనే తిప్పి, చివర ఒక గమకం తగిలించి అప్పజెబుతుంది. ఆ గమకం ఎలా పుట్టిందో తెలుసుకోవాలని గిటారు మళ్ళీ అడుగుతుంది. ఆవర్తాలు సగమవుతాయి, అందులో సగమవుతాయి, చివరకు చెరొక్క స్వరంగా చెణుకులు విసురుకుంటారు. జనం కేకలు పెడతారు. నాన్నగారు కళ్ళు మూసుకుని అంతా విని, "మనవాడు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళి, వాళ్ళ వంటింట్లో మన పులుసు కాచి వచ్చాడురా!" అన్నారు. ఆపైన, "ఆ కేకలు తీసెయ్యకుండా వుంచారు చూడు, బుద్ధిమంతులు" అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. ఎందుకన్నారో మొన్న తెలిసింది. అది చెప్పాలంటే, నేను చేసిన ఒక నేరం ముందు ఒప్పుకోవాలి.

నాన్నగారు కోస్తాలో ఒక చిన్న ఊళ్ళో మండలాఫీసు గుమాస్తా. నెలకొక ఖాళీ క్యాసెట్టు కొనటం ఆయనకున్న ఒకే ఒక వ్యసనం. ఎక్కడ నవమి పందిరి వేసినా, టూ-ఇన్-వన్ సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, ముందు వరసలో చాపమీద కూర్చునేవారు. 1989లో అనుకుంటాను, ఒక ఊళ్ళో నవమి రెండోరోజున ఒక ఫిడేలు విద్వాంసుడు తోడి అందుకున్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. టేపు రికార్డరు నా ఒళ్ళో పెట్టి, నాన్నగారు ఒక పని అప్పజెప్పారు.

"ఈ చిన్న కిటికీలోంచి చూస్తూండు. ఎడమవైపు చుట్ట చిక్కిపోగానే నా మోచెయ్యి తట్టు. తిరగేస్తాను."

90 నిమిషాల క్యాసెట్టు. ఒక్కొక్క వైపు 45. శ్రీనివాస్ తొమ్మిదో యేట గుడివాడలో కచేరీ చేశాడు. నేను తొమ్మిదో యేట కచేరీలో నిద్రపోయాను.

మీట ఎప్పుడు పైకి లేచిందో ఎవరికీ తెలియదు. ఆ క్యాసెట్టు మొదటివైపు చివర ఫిడేలు ఒక్కొక్క మెట్టే ఎక్కి పైషడ్జం అందుకోబోతూ వుంటుంది, 'టక్'మంటుంది. రెండోవైపు పెడితే ఎవరో ఏదో గొణుగుతారు, తరవాత కీర్తన మొదలయి వుంటుంది. మధ్యలో అయిదు నిమిషాలు పోయాయో, పది పోయాయో! ఊళ్ళో ఆ కచేరీ విన్నవాళ్ళు చాలా యేళ్ళు చెప్పుకున్నది సరిగ్గా ఆ పోయిన ముక్క గురించే.

నాన్నగారు నన్ను ఒక్కమాట అనలేదు. అదే నాకు బాధ. ఆ క్యాసెట్టు పెట్టినప్పుడల్లా, 'టక్'మన్న చోట ఆయన కుడిచెయ్యి గాలిలోకి లేచేది. లేచి అలాగే వుండిపోయేది. చాలాసేపటికి దించి, క్యాసెట్టు తిరగేసేవారు. ఆ లేచిన చెయ్యి నన్నే చూపిస్తున్నదని నేననుకునేవాణ్ణి. ఆ క్యాసెట్టు పెడితే చాలు, ఏదో పనున్నట్టు వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ విద్వాంసుడి పేరు కూడా అడగలేదు. అట్టమీద "తోడి - నవమి - రెండోరోజు" అని మాత్రం రాసి వుంది.

ఆఖరి రోజుల్లో నాన్నగారు నారపల్లిలో మా దగ్గరే వున్నారు. పోయి రెండేళ్ళయింది. 43 క్యాసెట్లున్న రేకుపెట్టె మిగిలింది. కుర్రవాడి ధర్మమా అని ఈ రాక్ టేపుల పిచ్చి పట్టాక, ఆ పెట్టె గుర్తుకొచ్చింది. టేపు బూజు పట్టకముందే కంప్యూటరులోకి ఎక్కిద్దామని ఒక దుకాణంలో ముందుగా ఈ తోడి ఇచ్చాను. వారం రోజులకు క్యాసెట్టుతోపాటు ఒక పెన్‌డ్రైవు చేతిలో పెట్టి, "శుభ్రంగా చేసిచ్చాం సార్. దగ్గులూ, మాటలూ, గోలా అన్నీ తీసేశాం. రెండు వైపులూ అతుకు తెలియకుండా కలిపేశాం. స్టూడియోలో చేసినట్టుంటుంది" అన్నారు.

వాళ్ళను అనటానికేముంది? మనసుపెట్టే చేశారు. ఇంటికొచ్చి విన్నాను. ఫిడేలు అద్దంలా వుంది. పైషడ్జం అందుకోబోతూ చల్లగా కీర్తనలోకి దిగిపోయింది. 'టక్' లేదు. పందిరి లేదు. నా నేరం జరిగిన చోటును సున్నం వేసి కప్పేశారు. సంతోషించవలసినదే. కాని కడుపులో దేవినట్టయింది. ఎవరిదో శవానికి పౌడరు రాసినట్టుంది.

మర్నాడు కుర్రవాడితో చెప్పాను. "అయ్యో, క్లీన్ చేపిచ్చిండ్రా సార్! మా చిన్నాయన తాన పాత డెక్కు ఉంది. తెస్త" అన్నాడు. ఆదివారం పొద్దున్నే డెక్కు సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తల తుడిచి, చక్రాలు సరిచేసి, ఏదీ తియ్యకుండా, ఏదీ కలపకుండా ఉన్నదున్నట్టు ఎక్కించాడు. మా ఆవిడ అతనికి అట్లు పోసింది. అతను వెళ్ళాక, అతనిచ్చిన మంచి హెడ్‌ఫోనులు చెవులకు తగిలించుకుని కూర్చున్నాను. ఎక్కడో పసిపిల్ల ఏడుస్తున్నది. పానకం గ్లాసులు చప్పుడవుతున్నాయి. తోడి మెట్లెక్కింది. 'టక్'.

తరవాత రెండోవైపు. చిన్నప్పటినుంచీ గొణుగుడుగా విన్నది, ఆ హెడ్‌ఫోనుల్లో మాటలయింది.

"అయ్యో, ఆగిపోయిందండీ! అసలుదంతా పోయింది. కుర్రాణ్ణి లేపకపోయారా?" ఎవరో పెద్దాయన.

ఆ వెంటనే, మైకుకు దగ్గరగా, నాన్నగారు. నలభై యేళ్ళు కూడా నిండని నాన్నగారు.

"పోనీండి. నేను విన్నానుగా. వాణ్ణి పడుకోనివ్వండి."

అంతే. ఫిడేలు కీర్తన అందుకుంది.

నేను హెడ్‌ఫోనులు తియ్యలేదు. ఆ చెయ్యి గాలిలోకి ఎందుకు లేచేదో అప్పుడు తెలిసింది. ఆయన నన్ను చూపించటం లేదు. టేపు ఆగిన చోటునుంచి పైషడ్జం మీదికి తనే వెళ్ళేవారు. ఆ పోయిన ముక్కంతా ఒక్క స్వరం తప్పకుండా లోపల విని, అది పూర్తయ్యాక చెయ్యి దించేవారు. నేను పోగొట్టాననుకున్నది ఆయన దగ్గర ఎప్పుడూ వుంది. ముప్పయ్యేళ్ళపాటు నేను వీధిలోకి పారిపోకుండా ఒక్కసారి ప్రక్కన కూర్చుని వుంటే, కాస్త నాకూ పాడి వినిపించేవారేమో!

స్టూడియో రికార్డును నేను తక్కువ చెయ్యను. కాని అందులో పాట మాత్రమే వుంటుంది. కచేరీ టేపులో పాటతోపాటు ఆ రాత్రి వుంటుంది. విద్వాంసుడికి తరవాతి స్వరం ఇంకా తెలియని క్షణమూ, అది వినటానికి ఆగిన జనమూ, జనంలో మనవాడెవడైనా వుంటే వాడూ వుంటారు. డెట్రాయిట్‌లో కోటు కింద మైకు దాచుకున్నవాడూ, నవమి పందిట్లో చాపమీద మా నాన్నగారూ దాచిపెట్టింది ఇదే. దగ్గులు తీసేస్తే నాన్నగారు పోతారు.

మా ఆవిడ వచ్చి, "ఏమండీ, అలా వున్నారేం?" అంది. మాట్లాడకుండా హెడ్‌ఫోనులు ఆవిడ చెవులకు పెట్టి, రెండోవైపు మొదటికి తెచ్చాను. ఒక్క నిమిషం వింది. "మావయ్యగారు!" అంది. చెంగు నోటికడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

కాసేపయాక, "మళ్ళీ పెట్టండి" అంది.

పెట్టాను. మళ్ళీ అంది. మళ్ళీ పెట్టాను. ఎన్నిసార్లయిందో నేను లెక్కపెట్టలేదు. ఒకటే పాట గదా అని కూడా అనలేదు.